ఉద్యోగం చేస్తూ సేఫ్టీలో ఆన్‌లైన్ మాస్టర్స్: కృష్ణపట్నం తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కృష్ణపట్నం దగ్గర ప్లాంట్‌లో ఆరేళ్లుగా సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నావు. చదివింది ఎం.పి.సి. బీఎస్సీ. వయసు 31, పెళ్లయింది, పాపకు రెండేళ్లు. హైదరాబాద్ నుంచి ఒక కౌన్సెలర్ రోజూ ఫోన్ చేసి, ఇండస్ట్రియల్ సేఫ్టీలో ఆన్‌లైన్ ఎం.టెక్. అనీ, ఏడాదిన్నరలో సర్టిఫికెట్ చేతికొస్తుందనీ, ఆ తర్వాత సేఫ్టీ మేనేజర్ పోస్టు ఖాయమనీ చెబుతున్నాడు. శుక్రవారంలోగా సీటు బుక్ చేసుకోకపోతే ఫీజు పెరుగుతుందట. కట్టాలా వద్దా, కట్టకపోతే ఇంకెక్కడ చేరాలి అని అడిగావు.

శుక్రవారం కట్టొద్దు. ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లయింది. థర్మల్ ప్లాంట్ కన్‌స్ట్రక్షన్‌లో మొదలుపెట్టాను. మధ్యలో మూడేళ్లు గల్ఫ్‌లో షట్‌డౌన్ పనులు (ప్లాంట్ ఆపి చేసే మరమ్మతులు) చేసి మళ్లీ నెల్లూరుకే వచ్చేశాను. మాస్టర్స్ నేనూ ఉద్యోగం చేస్తూనే, ఆన్‌లైన్‌లోనే, 38 ఏళ్ల వయసులో చేశాను. కాబట్టి ఆన్‌లైన్ చదువు పనికిరాదని నేను చెప్పను. అది నాకు చాలా ఇచ్చింది, ఏమిచ్చిందో కింద రాస్తాను. కానీ నీకు ఏ కుర్చీ కావాలో, ఆ కుర్చీకి చట్టం ఏ కాగితం అడుగుతుందో తేల్చుకోకుండా డిగ్రీ వెతకడం మొదలుపెడితే డబ్బూ పోతుంది, ఏళ్లూ పోతాయి. ఆ క్రమంలోనే చెబుతాను.

ముందు ఎం.టెక్. సంగతి. యూజీసీ 2020లో తెచ్చిన దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల నిబంధనల్లో కొన్ని చదువులను ఆ పద్ధతిలో చెప్పకూడదని నిషేధించారు. ఇంజనీరింగ్ ఆ జాబితాలో ఉంది. అంతకుముందే, 2017 నవంబర్‌లో, డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. అప్పటికే ఆ డిగ్రీలతో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో నేను చూశాను. ఇక నీ విషయానికొస్తే, మామూలు కాలేజీలో కూడా ఎం.టెక్.కి బీటెక్ గానీ తగిన ఎమ్మెస్సీ గానీ ఉండాలి. బీఎస్సీ మీద నేరుగా ఎం.టెక్. ఇస్తామని ఎవరైనా చెబితే అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు. ఆన్‌లైన్‌లో సేఫ్టీ చదవాలంటే ఎమ్మెస్సీ, ఎం.ఏ., ఎంబీఏ పేర్లతో ఉన్నవే చూడు.

ఇప్పుడు కుర్చీ సంగతి. సేఫ్టీ ఆఫీసర్ పోస్టు చట్టంలోనే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి 1976లో సవరణ చేసి 40-బి సెక్షన్ తెచ్చారు. 1000 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలన్నది అప్పటి లెక్క. ప్రమాదం ఎక్కువున్న పనులైతే తక్కువమంది ఉన్నా ప్రభుత్వం ఆదేశించవచ్చు. ఇప్పుడు దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. అందులో 22వ సెక్షన్ ప్రకారం మామూలు ఫ్యాక్టరీలో 500 మంది, ప్రమాదకర ప్రక్రియలు నడిచే ఫ్యాక్టరీలో 250 మంది, నిర్మాణ పనుల్లో 250 మంది, గనుల్లో 100 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్‌ను పెట్టి తీరాలి. అంటే మన చుట్టుపక్కల ఇదివరకు ఆ అవసరం లేని చాలా యూనిట్లకు ఇప్పుడు మనిషి కావాలి. ముత్తుకూరు మండలంలో వంటనూనె రిఫైనరీలున్నాయి, జిల్లా పొడవునా రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి, రామాయపట్నం వైపు నిర్మాణ పనులున్నాయి. నీలాంటి వాళ్లకు ఇది మంచి కాలం.

అయితే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఏం కావాలి? పాత చట్టం కింద రాష్ట్రాలు రాసుకున్న నిబంధనలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంటే సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల అనుభవం, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీలో డిగ్రీ గానీ ఇంజనీరింగ్ డిప్లొమా గానీ ఉంటే ఐదేళ్లు. దాని మీద, రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా. ఆ పైన ఇంకొకటి ఉంది, అది నాకు చాలా ఇష్టమైన షరతు: ఆ ఫ్యాక్టరీలో ఎక్కువమంది కార్మికులు మాట్లాడే భాష వచ్చి ఉండాలి.

నీ బీఎస్సీ, నీ ఆరేళ్లు ఇక్కడ అక్కరకొస్తాయి. నీకు లేనిది ఆ గుర్తింపు ఉన్న సేఫ్టీ కాగితం ఒక్కటే. ఆ వాక్యంలో బరువంతా ‘గుర్తించిన’ అన్న మాట మీద ఉంది. ఆన్‌లైన్ ఎమ్మెస్సీ ఎంత మంచి యూనివర్సిటీది అయినా, సేఫ్టీ ఆఫీసర్ అర్హతగా మన కర్మాగారాల శాఖ దాన్ని ఒప్పుకుంటేనే నీకు ఆ కుర్చీ. ఒప్పుకోకపోతే నీ పేరు పక్కన డిగ్రీ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ రోజున రిజిస్టర్‌లో మాత్రం ఇంకొకరి పేరు ఉంటుంది. ఇది నేను ఊహించి రాయడం లేదు. నాతో పనిచేసిన ఒక మంచి కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది. చదువు మీద రెండేళ్లు పెట్టాడు. ఆఫీసర్ పోస్టు ఖాళీ అయితే, చెన్నైలో ఏడాది డిప్లొమా చేసొచ్చిన, అతని కంటే జూనియర్‌ను తీసుకున్నారు. కంపెనీ వాళ్లను తప్పుపట్టడానికి కూడా లేదు, నిబంధన అలా ఉంది.

ఆ డిప్లొమా ఏమిటంటే, కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీఫాస్లీ కింద ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలో రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌లున్నాయి. అక్కడి అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీని మనవాళ్లు ఏడీఐఎస్ అంటారు. మనకు దగ్గర చెన్నై తరమణిలోది. నెల్లూరులో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటావు. కానీ అది ఏడాది పాటు రోజూ వెళ్లి కూర్చోవాల్సిన చదువు. రెండేళ్ల పాపను, జీతాన్ని వదిలి ఏడాది వెళ్లమని నేను తేలిగ్గా చెప్పలేను. అందుకే నా మొదటి సలహా: మీ ప్లాంట్ హెడ్‌ను, హెచ్‌ఆర్‌ను కలిసి, కొత్త కోడ్ ప్రకారం మనకు అర్హత ఉన్న సేఫ్టీ ఆఫీసర్లు కావాలి కదా, నన్ను కంపెనీ తరఫున పంపండి, తిరిగొచ్చి మూడేళ్లు ఇక్కడే చేస్తానని బాండ్ రాసిస్తాను అని కాగితం మీద అడుగు. నోటితో అడిగితే నవ్వి వదిలేస్తారు. కాగితానికి జవాబివ్వాలి. కాదన్నా నీకు పోయేదేమీ లేదు.

అది కుదరకపోతే, లేదా అది అయ్యాక, ఆన్‌లైన్ మాస్టర్స్ చూడు. చేరే ముందు ఒక పని చెయ్యి. నువ్వు చేరాలనుకుంటున్న కోర్సు పూర్తి పేరు, యూనివర్సిటీ పేరు, అది ఏ పద్ధతిలో చెబుతారో రాసి, ఈ అర్హతను సేఫ్టీ ఆఫీసర్ నియామకానికి ఒప్పుకుంటారా అని కర్మాగారాల శాఖకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. 30 రోజుల్లో జవాబివ్వాలని చట్టం. కౌన్సెలర్ వంద మాటలు చెప్పనీ, ఆ ఒక్క కాగితం చాలు. సీటు నెల ఆగదు అని వాళ్లంటే, అసలు ఆగని సీటు నీకెందుకు?

యూనివర్సిటీ అసలుదో కాదో చూసుకోవడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. ఆన్‌లైన్ కోర్సులు నడపడానికి అర్హత ఉన్న యూనివర్సిటీల జాబితా యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఏడాదివారీగా ఉంటుంది. యూనివర్సిటీ పేరు ఉంటే సరిపోదు, నీ కోర్సు పేరు ఉండాలి, నువ్వు చేరే విద్యా సంవత్సరానికి ఉండాలి. చేరేవాళ్లు ఆ బ్యూరో వెబ్‌సైట్‌లో డీఈబీ ఐడీ అనే గుర్తింపు సంఖ్య కూడా తీసుకోవాలి. దాన్ని నువ్వే సొంతంగా, నీ ఫోన్‌తో తీసుకో, ఏజెంట్ చేతికివ్వకు. ఫ్రాంచైజీ పద్ధతిలో ఈ చదువులు నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. కాబట్టి మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఫలానా యూనివర్సిటీ సెంటర్ అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గర రూపాయి కట్టొద్దు. కావలి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అలాంటి గదిలోనే కట్టాడు. పరీక్ష ఒక్కటీ రాయకుండా, ముందటేడాది తేదీలతో మార్కుల లిస్టులు వచ్చాయి. పాపం, తనకు మేలు జరిగిందనే అనుకున్నాడు. తర్వాత ఒక పెద్ద కంపెనీలో ఆఫర్ వచ్చి, చేరిన రెండో నెలలో సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో దొరికిపోయాడు. ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. ఆ తర్వాత ప్రతి ఇంటర్వ్యూలో ఆ రెండు నెలల గురించి సమాధానం చెప్పుకోవడం ఇంకో ఎత్తు. సరైన యూనివర్సిటీ ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ 2022లోనే స్పష్టంగా చెప్పింది. ఆ గౌరవం దొంగ కాగితాలకు రాదు.

ఫీజు గురించి ఒక్క మాట. కోర్సు అమ్మే కంపెనీలు సున్నా వడ్డీ ఈఎంఐ అంటాయి. సంతకం పెట్టించేది ఫైనాన్స్ కంపెనీ అప్పు పత్రం మీద. నువ్వు కోర్సు మానేసినా అప్పు ఆగదు, నీ సిబిల్ స్కోరు మీద పడుతుంది. సెమిస్టర్‌కు సెమిస్టర్ నేరుగా యూనివర్సిటీ ఖాతాకు కట్టించుకునే చోటే చేరు.

ఇప్పుడు అందరూ తక్కువ అంచనా వేసే విషయం, టైమ్. ఇగ్నో లెక్కలో 1 క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 80 క్రెడిట్ల మాస్టర్స్ అంటే 2400 గంటలు. రెండేళ్లలో పూర్తిచేయాలంటే వారానికి 23 గంటలు. నీ షిఫ్ట్ 12 గంటలు అన్నావు. నెల్లూరు నుంచి రానూపోనూ బస్సులో ఇంకో రెండు గంటలు. వారంలో ఆరు రోజులు. ఆ 23 గంటలు ఎక్కడి నుంచి తెస్తావు? తేలేవు, తేవాలని చూస్తే నిద్ర నుంచి తీస్తావు. సేఫ్టీ మనిషి నిద్ర లేకుండా పర్మిట్ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పక్కర్లేదు. అదే నాలుగేళ్లకు సాగదీస్తే వారానికి పదకొండున్నర గంటలు. అది కుదురుతుంది. నేను అలాగే చేశాను. కాబట్టి కోర్సు కనీస గడువు ఎంత అని కాదు, గరిష్ఠ గడువు ఎంత అని అడుగు. బ్రిటన్ మాస్టర్స్ అయితే 180 క్రెడిట్లు, వాళ్ల లెక్కలో క్రెడిట్‌కు 10 గంటలు, మొత్తం 1800 గంటలు.

లైవ్ క్లాసులు ఎప్పుడో కూడా అడుగు. చలికాలంలో అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 6 గంటల క్లాసు అంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. బ్రిటన్‌లో సాయంత్రం 6 అంటే మనకు రాత్రి పదకొండున్నర. రాత్రి షిఫ్ట్‌లో ఉన్నప్పుడు ఏ క్లాసూ వినలేవు, రికార్డింగ్ ఉండాలి, రికార్డింగ్ విన్నా హాజరు వేయాలి. పరీక్షలు ఏడాదికి ఎన్నిసార్లు పెడతారు, ఒకసారి తప్పితే మళ్లీ ఎప్పుడు? నాకు మూడో సెమిస్టర్ పరీక్షలు సరిగ్గా బాయిలర్ ఓవర్‌హాల్‌లో పడ్డాయి. నాలుగొందల మంది కాంట్రాక్ట్ మనుషులు లోపల, రోజుకు అరవై డెబ్బై పర్మిట్లు. వెళ్లి పరీక్ష రాయడం కుదరదని అప్పుడే వదిలేశాను. మళ్లీ ఆరు నెలలకు రాశాను. ముందే అడిగి ఉంటే ఆ సెమిస్టర్‌లో సబ్జెక్టులు తగ్గించుకునేవాడిని. మీ ప్లాంట్ షట్‌డౌన్ నెలలు నీకు తెలుసు కదా, క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడు.

ఇంతా చదివి, మరి అంత కష్టపడి మాస్టర్స్ ఎందుకు చేయాలి అంటావేమో. నేనెందుకు చేశానో, నాకేం దొరికిందో ఒక్క సంగతి చెబుతాను.

మా ప్లాంట్ గేటు పక్కన పెద్ద బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు, దాని కింద తెల్ల పెయింట్‌తో అంకె. ఆ రోజు 412. పొద్దున ఆ అంకె మార్చడం మా సెక్యూరిటీ డ్యూటీ. 500 రోజులు నిండితే కాంట్రాక్టర్లకు బహుమతులని మేనేజ్‌మెంట్ ప్రకటించింది. నేను నెలనెలా గాయాల ఫ్రీక్వెన్సీ రేటు గ్రాఫ్ వేసి మీటింగ్‌లో చూపించేవాడిని. గ్రాఫ్ కిందికి దిగుతుంటే చప్పట్లు. నియర్ మిస్ (త్రుటిలో తప్పిన ప్రమాదం) రిపోర్టులు కూడా తగ్గుతున్నాయని నేనే గొప్పగా చెప్పాను.

ఒక మధ్యాహ్నం కోల్ కన్వేయర్ కింద, భోజనాల షెడ్‌లో ఒక హెల్పర్ ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. మనవాళ్లు ఎడమ చేత్తో తినరు కదా, అందుకే ఆగాను. కుడి చెయ్యి ఒళ్లో, గ్లౌజ్‌లోనే ఉంది. తియ్యమంటే, ఏం లేదు సార్, చిన్న గీత అన్నాడు. గ్లౌజ్ తీస్తే లోపల కాటన్ వేస్ట్ చుట్టి, పైన నల్లటి ఇన్సులేషన్ టేప్ బిగించి ఉంది. కాటన్ అంతా నల్లగా గట్టిపడిపోయింది. చూపుడువేలు గోరు దగ్గర సగం తెగి ఉంది. తెగింది ముందురోజు. కాంట్రాక్టర్ మేస్త్రీ కట్టుకట్టి, బోర్డు మీద అంకె పోతుంది, ఎవరికీ చెప్పకు, కూలీ ఇప్పిస్తాలే అన్నాడట. అతన్ని నెల్లూరు తీసుకెళ్లి కుట్లు వేయించాం. డాక్టర్ ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదన్నాడు.

అది నేను మాస్టర్స్‌లో చేరిన మొదటి ఏడాది. ఆ సెమిస్టర్‌లోనే స్టాటిస్టిక్స్ పేపర్ ఉంది. అంకెలంటే భయంతో దాన్ని చివరికి నెట్టాను. ఆ వేలు చూశాక ముందు అదే తీశాను. మా ప్లాంట్ లెక్క వేసి చూశాను. 600 మంది, వారానికి 48 గంటలు, ఏడాదికి 50 వారాలు. 14 లక్షల 40 వేల పనిగంటలు. ఐఎస్ 3786 అనే భారతీయ ప్రమాణం పద్ధతిలో పది లక్షల గంటలకు ఎన్ని గాయాలు అన్నదే ఫ్రీక్వెన్సీ రేటు. ఏడాదికి ఒక గాయమైతే 0.69. రెండయితే 1.39. అంటే ఒక్క మనిషి కాలు జారితే నా గ్రాఫ్ రెట్టింపవుతుంది, ఆ ఒక్కడి వేలికి టేప్ చుట్టి దాచేస్తే సగానికి పడిపోతుంది. ఇంత చిన్న అంకెల మీద ప్లాంట్ బాగుపడిందో చెడిందో చెప్పడం సాధ్యం కాదు. మూడేళ్లుగా నేను మీటింగ్‌లో చూపించింది ఏమీ చెప్పని గీతలు. నియర్ మిస్‌లు తగ్గాయంటే ప్రమాదాలు తగ్గినట్టు కాదు, మనుషులు చెప్పడం మానేశారని.

ఆ పేపర్‌కు అసైన్‌మెంట్ మా సొంత అంకెలతోనే రాశాను. అదే తీసుకెళ్లి ప్లాంట్ హెడ్ ముందు పెట్టాను. ఆయన గంటసేపు ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. బోర్డు తీయించడానికి నాలుగు నెలలు పట్టింది, బహుమతులు మాత్రం ఆ వారంలోనే ఆగిపోయాయి. దాని బదులు నియర్ మిస్ చెప్పినవాళ్ల పేర్లు, ఆ చెప్పిన తప్పు ఎన్ని రోజుల్లో సరిచేశామో పెట్టడం మొదలుపెట్టాం. మొదటి రెండు నెలల్లో రిపోర్టులు నాలుగింతలయ్యాయి. ఒక కొత్త డైరెక్టర్ కంగారుపడి, సేఫ్టీ పాడైందా అని అడిగాడు. ఆయనకు జవాబు చెప్పగలిగిన మాటలు నాకు ఆ చదువు ఇచ్చింది. డిప్లొమాతో నేను మెషీన్‌కు గార్డ్ ఉందా, ఎత్తులో ఉన్నవాడు హార్నెస్ వేసుకున్నాడా చూడగలిగాను. మాస్టర్స్ వల్ల, ఆ వేలు ఎందుకు గ్లౌజ్‌లో దాక్కుందో చూడగలిగాను.

అందుకే సిలబస్ చదివేటప్పుడు నా కళ్లు ముందు నాలుగు చోట్లకు వెళతాయి. స్టాటిస్టిక్స్ ఉందా? పని వాతావరణంలోని దుమ్ము, శబ్దం, గ్యాస్, వేడి కొలిచే ఇండస్ట్రియల్ హైజీన్ ఉందా? ప్లాంట్‌లో ఎక్కడ ఏం తప్పవచ్చో ముందే వెతికే హజాప్, ఫాల్ట్ ట్రీ లాంటి ప్రాసెస్ సేఫ్టీ పద్ధతులను లెక్కలతో నేర్పిస్తారా, పేర్లు చెప్పి వదిలేస్తారా? మనిషి ఎందుకు పొరపాటు చేస్తాడో చెప్పే హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఉందా? ఇవేమీ లేకుండా వృత్తి భద్రత నిర్వహణ ప్రమాణం ఐఎస్ఓ 45001 క్లాజులు, నాయకత్వ లక్షణాలు, హెచ్‌ఆర్ పాఠాలతో నిండి ఉంటే అది సేఫ్టీ పేరుతో ఉన్న మామూలు ఎంబీఏ. ఎంబీఏ కావాలనుకుంటే తప్పు లేదు, ఆ సంగతి తెలిసి చేరు.

ఇంకొకటి తప్పక అడగాల్సింది, అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నీ ప్లాంట్ మీద రాయనిస్తారా? ఆన్‌లైన్ చదువుకు ల్యాబ్ ఉండదు. నీకు ల్యాబ్ నీ ప్లాంటే. సౌండ్ లెవల్ మీటర్ పట్టుకుని టర్బైన్ హాల్‌లో 8 గంటల సగటు తీసి, మన నిబంధనల్లోని 90 డెసిబెల్స్‌తో పోల్చి రాసిన వాడికి, పుస్తకం చూసి రాసిన వాడికి చాలా తేడా ఉంటుంది. దీనికి మీ మేనేజ్‌మెంట్ అనుమతి రాతపూర్వకంగా తీసుకో, కంపెనీ పేరు రాయనని చెప్పు. పాఠాలు చెప్పేవాళ్లలో ఎవరైనా ఎప్పుడైనా ఫ్యాక్టరీలో పనిచేశారా అన్నది కూడా చూడు. ఉచిత డెమో క్లాసు ఒకటి పూర్తిగా విను. అమోనియా లీకైతే ఏం చేయాలని అడుగు. మన రొయ్యల ప్లాంట్లకు, ఐస్ ఫ్యాక్టరీలకు పనికొచ్చే జవాబు వస్తుందో, పుస్తకంలో వాక్యం వస్తుందో నీకే తెలిసిపోతుంది.

దేశంలోనే చూస్తానంటే ఇగ్నోలో పర్యావరణ, వృత్తి ఆరోగ్యం మీద పీజీ డిప్లొమా, ఎం.ఏ. దూరవిద్యలో ఉన్నాయి. ఫీజు మన జీతాలకు అందుతుంది, నిదానంగా చదువుకోవచ్చు. ఆరోగ్యం వైపు మొగ్గు ఎక్కువ, ఫైర్, మెషీన్ గార్డింగ్ లాంటివి అక్కడ ఆశించవద్దు. ఏడీఐఎస్ ఉన్నవాడికి దాని మీద ఇది మంచి జోడీ అని నా అభిప్రాయం.

విదేశీ యూనివర్సిటీ అంటే, ముందు ఎక్కడ పనిచేస్తావో తేల్చుకో. ఇక్కడే ఉండేవాడికి ఆ ఖర్చు నేను సిఫార్సు చేయను. ఇక్కడ ఆ డిగ్రీ చెల్లాలంటే సమానత్వ ధ్రువీకరణ కావాలి, ఆన్‌లైన్‌లో చేసిన దానికి ఇస్తారో లేదో చేరకముందే రాతపూర్వకంగా కనుక్కోవాలి. అమెరికా వైపు ఆలోచన ఉంటే కోర్సుకు అబెట్ (అక్కడ సాంకేతిక కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందా, బ్రిటన్ వైపు అయితే ఐఓఎస్‌హెచ్ (అక్కడి సేఫ్టీ నిపుణుల సంస్థ) గుర్తింపు ఉందా చూడు. గల్ఫ్ వెళ్లాలని ఉంటే మాత్రం ఇప్పుడే మాస్టర్స్ వద్దు. అక్కడ ఆఫీసర్ స్థాయికి అడిగేది బ్రిటన్ పరీక్షల సంస్థ నెబోష్ ఇచ్చే ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్, అనుభవం, మంచి ఇంగ్లీష్. కొన్ని నెలల్లో అయిపోతుంది. నేను వెళ్లింది కూడా దాంతోనే. పైకి ఎదగాలనుకున్నప్పుడు నెబోష్ డిప్లొమా, ఆ తర్వాత మాస్టర్స్.

నీ ప్రశ్న కిందే చీమకుర్తి నుంచి ఒకాయన, గ్రానైట్ క్వారీలో మేట్‌గా చేస్తున్నాను, నాకు ఈ మాస్టర్స్ పనికొస్తుందా అని అడిగారు. అన్నా, క్వారీ అంటే గని. మీది డీజీఎంఎస్ (కేంద్ర గనుల భద్రత డైరెక్టరేట్) దారి. ముందు ఫోర్‌మన్ సర్టిఫికెట్ పరీక్ష రాయండి. నెల్లూరులోనే డీజీఎంఎస్ కార్యాలయం ఉంది, వెళ్లి అడిగితే చెబుతారు. మాస్టర్స్ ఎన్ని చేసినా ఆ సర్టిఫికెట్ స్థానంలోకి రావు.

తమ్ముడూ, భాష షరతు గురించి పైన చెప్పాను కదా. మన ప్లాంట్లలో ఇప్పుడు సగానికి సగం ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే. పని మొదలయ్యే ముందు నువ్వు తెలుగులో సేఫ్టీ మాటలు (టూల్‌బాక్స్ టాక్) చెబుతుంటే వాళ్లు తలలూపుతారు, అర్థమై కాదు. ఏ డిగ్రీలో చేరినా చేరకపోయినా, ఈ ఆరు నెలల్లో హిందీ మాట్లాడటం నేర్చుకో. దానికి ఫీజు లేదు, షెడ్‌లో వాళ్ల పక్కన కూర్చుని తింటే చాలు.

నీ వరుస నా లెక్కలో ఇది. ఈ వారం హెచ్‌ఆర్‌కు కాగితం. అదే వారం కర్మాగారాల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు. ఆ నెల రోజులూ సాయంత్రాలు రెండు గంటల చొప్పున స్టాటిస్టిక్స్ ఏదైనా ఉచిత కోర్సు చదువు. నాలుగు వారాలు వరసగా చదవగలిగితే మాస్టర్స్ చేయగలవు. రెండో వారంలోనే ఆగిపోతే, పాప కాస్త పెద్దదయ్యాక చేయొచ్చు, నేను 38లో చేశాను. మీ ఇంట్లో కూడా ముందే కూర్చుని మాట్లాడు. నాలుగేళ్లు ఆదివారాలు పోతాయి, ఆ భారం సగం నీ భార్య మోయాలి. మా ఆవిడ మోసింది కాబట్టే నాది పూర్తయింది.

శాఖ నుంచి జవాబు వచ్చాక, నువ్వు అనుకుంటున్న కోర్సు సిలబస్ పేజీలు ఇక్కడే పెట్టు. ఆదివారం తీరిగ్గా చదివి, పేపర్ వారీగా నా అభిప్రాయం రాస్తాను. ఆ కౌన్సెలర్ మళ్లీ ఫోన్ చేస్తే, యూజీసీ జాబితాలో మీ కోర్సు పేరున్న పేజీ పంపండి అని మాత్రం అడుగు.